కొత్త కొలనులో నీళ్లు పచ్చబడితే తోడెయ్యకండి: అపోహలు - వాస్తవాలు

తోటలో కొత్తగా కొలను కట్టించుకున్నవాళ్లు అడిగే మొదటి ప్రశ్న దాదాపు ఎప్పుడూ ఒకటే. "నింపి రెండు వారాలు కాలేదండీ, అప్పుడే నీళ్లు ఆకుపచ్చగా చిక్కబడిపోయాయి. చేపలు కనబడటం లేదు. మొత్తం తోడేసి మళ్లీ నింపేదా?" ఇలా అడిగేవాళ్లలో చాలామంది అప్పటికే ఒకసారి తోడేసి ఉంటారు. కట్టడంలో లోపం ఉందేమో, చేపలు చచ్చిపోతాయేమో అని వాళ్లు పడే కంగారు సహజమే. అందుకే ముందుగా ధైర్యం చెప్పాలి. ఎండ తగిలే కొత్త కొలను పచ్చబడటం లోపం కాదు, చాలా కొలనులకు మొదట్లో వచ్చే దశే. కొన్ని వారాల్లో దాటిపోయే ఆ దశను నెలల తరబడి సాగదీసేది మాత్రం మన తొందరపాటే.

అపోహ: నీళ్లు పాడైపోయాయి, మొత్తం మార్చేస్తే సరి

డబ్బు, శ్రమ, చేపల ప్రాణాలు, మూడింటికీ అన్నిటికన్నా ఎక్కువ నష్టం చేసే నమ్మకం ఇదే. మిగతావన్నీ దీని తర్వాతే.

ఆ రంగు నీళ్లలో తేలే ఏకకణ నాచుది. దానికి వెలుతురు, నైట్రేట్, ఫాస్ఫేట్ ఉంటే చాలు. పాత కొలనులో ఈ మూడింటికీ పోటీ ఉంటుంది. కలువాకులు వెలుతురును ఆపుతాయి, మొక్కల వేళ్లు పోషకాలను లాగేస్తాయి. కొత్త కొలనులో ఆకు పరుచుకోలేదు, వేరు పట్టలేదు, ఫిల్టర్‌లో బ్యాక్టీరియా ఇంకా స్థిరపడలేదు. ఎదురులేని చోట నాచు ఒకటి రెండు రోజులకోసారి రెట్టింపవుతూ పోతుంది.

ఇప్పుడు నీళ్లు తోడేశారనుకోండి. కొత్తగా పట్టిన నీళ్లతోపాటు కొత్త నైట్రేట్, చాలాచోట్ల ఫాస్ఫేట్ కూడా వస్తాయి. గోడలకు, గులకరాళ్లకు అంటుకుని మిగిలిన తడిలో నాచు కణాలు కావలసినన్ని ఉంటాయి. కుళాయి నీళ్లలోని క్లోరిన్ మాత్రం ఫిల్టర్‌లో అప్పుడప్పుడే పడుతున్న బ్యాక్టీరియాను చంపేస్తుంది. అంటే నాచుకు మళ్లీ మేత వేశాం, దానికి ఎదురు నిలవాల్సిన వాటిని తుడిచేశాం. నీళ్లు మూడు నాలుగు రోజులు అద్దంలా ఉంటాయి, అందుకే పని జరిగిందనిపిస్తుంది. వారం తిరిగేసరికి మొదటికన్నా చిక్కగా పచ్చబడతాయి. వాళ్లు మళ్లీ తోడతారు. ఫిల్టర్ పూర్తిగా పనిలోకి రావడానికి వెచ్చని నీళ్లలో నాలుగు నుంచి ఆరు వారాలు, చల్లని నీళ్లలో ఇంకా ఎక్కువ పడుతుంది. తోడిన ప్రతిసారీ ఆ లెక్క ఇంచుమించు మళ్లీ మొదటికొస్తుంది.

చేపలకు అంతకన్నా ప్రమాదం. బ్యాక్టీరియా పోయాక చేపల వ్యర్థంలోంచి వచ్చే అమ్మోనియాను మార్చేది ఎవరూ ఉండరు. అమ్మోనియాలో విషంగా పనిచేసే భాగం నీటి ఆమ్ల, క్షార గుణాల కొలత అయిన పీహెచ్‌ని బట్టి మారుతుంది. 25 డిగ్రీల సెల్సియస్ నీళ్లలో పీహెచ్ 7 ఉంటే అది ఒక శాతం కూడా ఉండదు. పీహెచ్ 8లో సుమారు 5 శాతం, 9లో మూడో వంతుకు పైగా. పచ్చనీళ్లలో నాచు పగలంతా కార్బన్ డయాక్సైడ్‌ను పీల్చేసుకోవడం వల్ల సాయంత్రానికి పీహెచ్ 9 దాటడం మామూలే. పొద్దున పరీక్ష చేసి అంతా బాగుందనుకున్న నీళ్లే సాయంత్రానికి చేపలను చంపగలవు. కాబట్టి పీహెచ్, అమ్మోనియా రెండూ సాయంత్రం పూట చూడండి.

నీళ్లు మార్చాల్సిన సందర్భాలు రెండున్నాయి. మొదటిది కొత్త సిమెంటు కొలను. సిమెంటులోంచి సున్నం దిగి పీహెచ్‌ని 10 దాటించగలదు. చేపలు, మొక్కలు వేయకముందే నింపి, కొన్ని రోజులు నిలవుంచి, తోడి, మళ్లీ నింపాలి. పీహెచ్ 8.5 లోపు నిలకడగా నిలిచేదాకా అలా చేయాలి, లేదా లోపల చేపలకు హాని చేయని సీలెంట్ పూయాలి. రెండోది అమ్మోనియా గానీ, అది మారేటప్పుడు మధ్యలో పుట్టే నైట్రైట్ గానీ లీటరుకు 0.5 మిల్లీగ్రాములు దాటినప్పుడు. అప్పుడు కూడా మొత్తం కాదు. ఒక విడతకు 10 నుంచి 20 శాతం మార్చండి, మేత ఆపండి, మర్నాడు మళ్లీ పరీక్షించండి.

పోసే నీళ్లలో క్లోరిన్ విరగ్గొట్టడానికి హైపో, అంటే సోడియం థయోసల్ఫేట్ స్ఫటికాలు, చాలు. లీటరుకు 1 మిల్లీగ్రాము క్లోరిన్ ఉన్న 1000 లీటర్లకు 7 గ్రాములు లెక్క. ఒక రోజు తొట్టిలో నిలవుంచితే క్లోరిన్ చాలావరకు పోతుంది, క్లోరిన్‌కు అమ్మోనియా కలిపి చేసే క్లోరమిన్ మాత్రం పోదు. క్లోరమిన్‌ను హైపో విరగ్గొడితే అమ్మోనియా బయటపడుతుంది, అందుకని అలాంటి నీళ్లకు అమ్మోనియాను కూడా కట్టేసే కండిషనర్ వాడాలి.

అపోహ: మసకగా ఉంటే అదంతా నాచే

కాదు, అందుకే మందు వేసేముందు చూసుకోవాలి. గాజు సీసాలో నీళ్లు పట్టి కదపకుండా ఒక రాత్రి నీడలో ఉంచండి. పొద్దునకు గోధుమరంగు మట్టి అడుగున పేరుకుని పైన తేటబడితే అది బంకమట్టి. కుండీల్లోంచి మట్టి లేస్తోంది, లేదా చేపలు తవ్వుతున్నాయి. మట్టిపైన 2-3 సెంటీమీటర్ల మందాన కడిగిన గులకరాయి పరిస్తే చాలా కొలనుల్లో తీరిపోతుంది. సీసాలో ఆకుపచ్చగానే ఉండిపోతే తేలే నాచు. పాలు కలిపినట్టు తెల్లగా ఉంటే బ్యాక్టీరియా ఒక్కసారిగా పెరిగిందని. మేత ఎక్కువైన కొత్త కొలనుల్లో ఇది వస్తుంది. మేత తగ్గించి, గాలి పెంచితే దానంతటదే పోతుంది. తేయాకు డికాషన్ రంగు అయితే రాలిన ఆకులు నానుతున్నాయి.

ఒక్కటి మాత్రం జాగ్రత్తగా గుర్తించాలి. నీటిపైన నీలి ఆకుపచ్చ పెయింటు ఒలికినట్టు తెట్టు కట్టి, దుర్వాసన వస్తే అది సయనోబ్యాక్టీరియా కావచ్చు. కొన్ని రకాలు విషాన్ని విడుదల చేస్తాయి. కుక్కల్ని, పిల్లల్ని ఆ నీళ్ల దగ్గరికి రానివ్వకండి, తొడుగుల్లేకుండా చెయ్యి పెట్టకండి. మామూలు పచ్చనీళ్లకు ఈ భయం అక్కర్లేదు. పచ్చదనం ఒక్కటే చేపలకు హాని చేయదు. చేపపిల్లలకు అందులో మేత కూడా దొరుకుతుంది.

అపోహ: నాచుమందు వేస్తే ఒక్క రోజులో తేటబడుతుంది

తేటబడొచ్చు, చేపలు కూడా తేలొచ్చు. చిక్కగా పచ్చబడిన కొలనులో నాచంతా ఒకేసారి చస్తే, కుళ్లబెట్టే బ్యాక్టీరియా ఉన్న ఆక్సిజన్‌ను లాగేసుకుంటుంది. అసలే వెచ్చని నీళ్లలో ఆక్సిజన్ తక్కువ. 15 డిగ్రీల దగ్గర లీటరుకు సుమారు 10 మిల్లీగ్రాములు కరిగి ఉండగలదు, 30 డిగ్రీల దగ్గర ఏడున్నరే. పైగా రాత్రిపూట నాచు కూడా ఆక్సిజన్ తీసుకుంటుంది. అందుకే చేపల చావులు ఎక్కువగా తెల్లవారుజామున జరుగుతాయి. పొద్దున్నే చేపలు పైకొచ్చి నోళ్లు తెరుస్తున్నాయంటే అదే సంకేతం. వెంటనే ఎయిర్ పంపు పెట్టండి, రాత్రంతా ఆపకండి.

రాగి కలిసిన మందులు క్షారత తక్కువున్న నీళ్లలో చేపలకే విషం, నత్తలు ముందే పోతాయి. బ్లీచింగ్ పౌడర్ సంగతి చెప్పనే అక్కర్లేదు, చేపలున్న కొలనులో దానికి చోటు లేదు. ఇవన్నీ కాచుకుని చంపినా, చచ్చిన నాచులోని పోషకాలు నీళ్లలోకే తిరిగొస్తాయి. తర్వాతి పంటకు అదే ఎరువు.

అపోహ: యూవీ దీపం పెడితే ఇక చూసుకోనక్కర్లేదు

తేలే నాచుకు యూవీ క్లారిఫయర్, అంటే అతినీలలోహిత కిరణాల దీపం గుండా నీళ్లను పంపే పరికరం, నిజంగా పనిచేస్తుంది, ఇందులో సందేహం లేదు. స్పాంజి మాత్రమే ఉన్న ఫిల్టర్ గుండా కొన్ని మైక్రాన్ల కణాలు జారిపోతాయి. యూవీ వెలుగు తగిలాక ఆ కణాలు చచ్చి ఉండలు కడతాయి, అప్పుడు ఫిల్టర్‌కు చిక్కుతాయి. అందుకే మామూలుగా యూవీని ఫిల్టర్‌కు ముందు అమరుస్తారు. సరిగ్గా పెడితే ఒకటి రెండు వారాల్లో అడుగు కనిపిస్తుంది. పనిచేయలేదని చెప్పేవాళ్ల దగ్గర లోపం ఎక్కువగా లెక్కలోనే ఉంటుంది.

ముందు కొలను పరిమాణం తెలియాలి. పొడవు, వెడల్పు, సగటు లోతు మీటర్లలో గుణించి 1000తో హెచ్చించండి. 3 మీటర్లు, 2 మీటర్లు, 0.6 మీటరు అయితే 3600 లీటర్లు. గట్లు వాలుగా ఉంటే సుమారు ఐదో వంతు తీసేయండి. 1000 లీటర్లకు 2 నుంచి 3 వాట్ల యూవీ కావాలి, అంటే ఈ కొలనుకు 9 లేదా 11 వాట్ల దీపం. చేపలు ఎక్కువైతే దానికి రెట్టింపు. పంపు రెండు గంటలకోసారి మొత్తం నీళ్లను తిప్పాలి, అంటే గంటకు 1800 లీటర్లు. నీళ్లు ఎక్కించే ఎత్తు పెరిగేకొద్దీ పంపు పంపే నీళ్లు తగ్గుతాయి కాబట్టి డబ్బా మీది అంకె కాదు, మీరు ఎక్కించే ఎత్తు దగ్గర అదిచ్చే అంకె చూడండి. దీపం మీద రాసిన ప్రవాహ పరిమితి దాటితే నీళ్లు మరీ వేగంగా పోయి, కణాలకు వెలుగు చాలదు.

దీపం నీలంగా వెలుగుతోంది కదా అని ఏళ్ల తరబడి వదిలేయకండి. కంటికి కనిపించే వెలుగు ఉన్నా, నాచును చంపే కిరణం 8000-9000 గంటలకు బాగా తగ్గిపోతుంది. ఆగకుండా నడిస్తే అది దాదాపు ఏడాది. దాని చుట్టూ ఉండే క్వార్ట్జ్ గొట్టం మీద తెల్లటి పొర పడితే వెనిగర్‌తో తుడవండి. తెరిచేముందు కరెంటు తీసెయ్యాలి, వెలిగే దీపాన్ని నేరుగా చూడకూడదు. సీసాలో కొనే బ్యాక్టీరియా పోస్తే రెండు మూడు రోజులు యూవీ ఆపండి. గోడల మీద పెరిగే తీగనాచును యూవీ తాకనైనా తాకదు, పోషకాలనూ తగ్గించదు. ఆ పని మొక్కలది.

మిగతావి త్వరగా చెప్పుకుందాం. నాచు తినే చేపలు అని అమ్మేవి గోడ మీది పాచిని గీకుతాయేమో గానీ తేలే కణాలను తినవు, పైగా వాటి వ్యర్థం కొత్త ఎరువు. ఫౌంటెన్ ఆక్సిజన్ ఇస్తుంది, రంగు తియ్యదు. పటిక మట్టినీళ్లకు పనికొస్తుంది గానీ క్షారత తక్కువైతే పీహెచ్‌ని పడగొడుతుంది, పరీక్షించకుండా చేపలున్న చోట వాడొద్దు. బార్లీ గడ్డి ఉన్న నాచును చంపదు, కుళ్లడానికి వారాలు పడుతుంది, ఫలితం ఒక్కో కొలనులో ఒక్కోలా ఉంటుంది. పచ్చనీళ్లలో దోమలు పెరుగుతాయన్న భయం చేపలు లేని నిలవనీటికే వర్తిస్తుంది.

మరి చేయాల్సిందేమిటి

పంపును రాత్రింబవళ్లు నడవనివ్వండి. కొన్ని గంటలు ఆగినా ఫిల్టర్‌లో ఆక్సిజన్ అయిపోయి బ్యాక్టీరియా చస్తుంది. స్పాంజిని కుళాయి కింద కడగకండి. బకెట్‌లోకి కొలను నీళ్లు తీసుకుని అందులో పిండండి, అదీ ప్రవాహం తగ్గినప్పుడే.

మేత రోజుకు ఒకసారి, రెండు మూడు నిమిషాల్లో తినేసేంత. మిగిలింది వలతో తీసెయ్యండి. చేపలు ఇంకా వేయకపోతే ఆరు వారాలు ఆగండి. ఇప్పటికే ఉంటే కొత్తవి చేర్చకండి. చేపలు లేని కొలనులో డాఫ్నియా అనే చిన్న నీటిపురుగు పుట్టి పచ్చనీళ్లలోని నాచును తినేస్తుంది. చేపలుంటే అవి డాఫ్నియాను తినేస్తాయి. అందుకే చేపల్లేని తొట్లు చాలాసార్లు వాటంతటవే తేటబడతాయి.

నీటి ఉపరితలంలో సగం నుంచి మూడింట రెండు వంతులు ఆకుల నీడలో ఉండాలి. మధ్యరకం కలువ ఒకటి మీటరు నుంచి మీటరున్నర మేర పరుచుకుంటుంది. అది పెరిగేలోగా నీటిలోపల ఉండే హార్న్‌వర్ట్, వల్లిస్నేరియా చదరపు మీటరుకు నాలుగైదు కట్టలు వేయండి. పోషకాలు లాగడంలో అంతరతామర, గుర్రపుడెక్క చాలా వేగం. కానీ వాటిని పెంచడం నిషేధించిన దేశాలున్నాయి, మీ చోట అనుమతి ఉంటేనే వేయండి. అదనంగా పెరిగినదాన్ని తరచూ తీసి ఎండబెట్టండి, కాలువలోకో చెరువులోకో ఒక్క పిలక కూడా పోనివ్వకండి. తీసి బయట వేస్తేనే పోషకం కొలను దాటుతుంది, లోపలే కుళ్లితే తిరిగి నాచుకే చేరుతుంది. కుండీల్లో పేడ ఎరువు, కంపోస్టు కలిపిన మట్టి వద్దు, ఉత్త బంకమట్టి చాలు. గడ్డికి వేసిన ఎరువు వాననీళ్లతో కొలనులోకి జారకుండా గట్టు రెండు మూడు అంగుళాలైనా ఎత్తుండాలి.

వారానికోసారి తెల్ల సాసరును 30 సెంటీమీటర్ల లోతుకు దించి చూడండి. మసకగానైనా కనబడటం మొదలైతే దారిలో పడినట్టే. నీళ్లు తేటబడ్డాక వెలుతురు అడుగుదాకా చేరి, రాళ్ల మీద దారాల్లాంటి తీగనాచు మొలుస్తుంది. అది చూసి మళ్లీ కంగారుపడి తోడెయ్యకండి. గరుకు కర్రకు చుట్టి మెలితిప్పి లాగెయ్యండి. గోడల మీది పొట్టి పచ్చటి పాచిని మాత్రం గీకకండి, అందులోనూ బ్యాక్టీరియా కాపురం ఉంటుంది.