మహమ్మారి రాత్రి దాటాలంటే

ఇంటర్ రెండో సంవత్సరం చదువుతున్న ఒక పాఠకుడు పోయిన నెల నాకు ఆరు పేజీల ఉత్తరం రాశాడు. అందులో అయిదున్నర పేజీలు అతను రాస్తున్న నవల కథే. కోటలు, కందకాలు, రెక్కల గుర్రాలు, ఒక ముసలి రాజు, ఆయనకు ఒక్కగానొక్క కూతురు. మూడో అధ్యాయంలో రాకుమారి పెళ్ళికని సముద్రం అవతలి నుంచి పట్టు మూటలు వస్తాయి. తొమ్మిదో అధ్యాయంలో, మండు వేసవిలో, మహమ్మారి రాజ్యాన్ని తుడిచిపెట్టేస్తుంది. చివరి అర పేజీలో ప్రశ్న. "సోకిన గంటలో మనిషి చచ్చిపోయే జబ్బు పెట్టాను. రాజ్యం మొత్తం పోవడానికి ఎన్ని రోజులు పడుతుందో లెక్క కట్టి చెప్పగలరా?"

చెప్పగలను. రాజ్యం పోదు. మొదటి రాత్రికే జబ్బు పోతుంది.

లెక్క చూద్దాం. ఉదయం పది గంటలకు రాజధాని సంతలో ఒక భటుడికి జబ్బు సోకిందనుకోండి. పదకొండుకు అతను చనిపోతాడు. ఈలోగా అయిదుగురికి అంటించాడు. వాళ్ళు పన్నెండులోగా ఇరవై అయిదుగురికి అంటిస్తారు. ఇలా గంటకు అయిదు రెట్ల చొప్పున పోతే సాయంత్రం ఆరు గంటలకు కొత్తగా సోకినవాళ్ళే 3,90,625 మంది. కాగితం మీద రాజధాని అసుర సంధ్యకల్లా ఖాళీ. మా కుర్రాడు ఈ లెక్కే వేసి ఉంటాడు.

కాగితం మీద జనం పారిపోరు, అదే తంటా. నిజం సంతలో పదకొండుకు ఒక శవం, పన్నెండుకు అయిదు శవాలు కనిపిస్తే కూరల తట్టలు కూడా వదిలేసి జనం ఇళ్ళకు పరుగెడతారు. తలుపులు బిగుస్తాయి. పొద్దు గూకగానే కోట తలుపులు మూస్తారు. జబ్బుకు అసలు పరీక్ష అప్పుడు మొదలవుతుంది.

ఆరుగురున్న ఇల్లు తీసుకోండి. రాత్రి ఏడింటికి ఒకరికి సోకింది. ఎనిమిదిలోగా మిగతా అయిదుగురికీ ఒకేసారి అంటితే తొమ్మిదికి ఇల్లు నిశ్శబ్దం. వాళ్ళతోపాటు జబ్బు కూడా సమాప్తం. అలా కాకుండా తెల్లారి ఆరింటికి ఒక్కరైనా జబ్బుతో బతికి ఉండాలంటే ఏం జరగాలి? గంటకు సరిగ్గా ఒక్కరికే, అదీ చివరి నిమిషంలో, వరుస కట్టి అంటాలి. పదకొండు గంటలకు పదకొండు మంది కావాలి. ఇంట్లో ఉన్నది ఆరుగురు. ఎంత పొదుపుగా వాడుకున్నా అర్ధరాత్రి దాటి గంటకు సరుకు అయిపోతుంది.

గస్తీవాళ్ళు, దొంగలు తిరుగుతారు కదా అంటారు. ఒక వీధి నుంచి ఇంకో వీధికి దాటిస్తారేమో, ఒప్పుకుంటాను. కానీ పక్క పట్టణం ముప్పై కిలోమీటర్ల దూరంలో ఉంది. మనిషి గంటకు అయిదు కిలోమీటర్లు నడుస్తాడు. అంటే దారి పొడవునా ఆరుగురు బాటసారులు ఒకరికొకరు ఎదురుపడి, అందరూ అటువైపే తిరగాలి. శవం నుంచి కూడా అంటుకుంటుందని రాస్తే కథ మారుతుంది. ఆ సంగతికి తరువాత వస్తాను, ఎందుకంటే అసలు రహస్యం అక్కడే ఉంది.

అంటువ్యాధుల లెక్కలో ఒక గుణకారం ఉంటుంది. రోగి రోజుకు ఎంతమందిని కలుస్తాడు, కలిసినప్పుడు అంటే అవకాశం ఎంత, అంటించగల స్థితిలో ఎన్నాళ్ళు ఉంటాడు. ఈ మూడింటినీ హెచ్చిస్తే ఒక రోగి సగటున ఎంతమందికి అంటిస్తాడో వస్తుంది. కథలు రాసేవాళ్ళు, కొందరు మాస్టర్లు కూడా, మొదటి రెండింటినే పట్టుకుంటారు. మూడోదాన్ని గంటకు కుదిస్తే గుణకారం మొత్తం కుదించుకుపోతుందని మరిచిపోతారు. జబ్బుకు క్రూరత్వం కంటే ఓపిక ముఖ్యం.

ఇదంతా ఊహ అనుకుంటే, సరిగ్గా ఇలాంటి మాయా రాజ్యంలో ఇలాంటి మహమ్మారి నిజంగానే ఒకసారి వచ్చింది. 2005 సెప్టెంబరులో. వరల్డ్ ఆఫ్ వార్‌క్రాఫ్ట్ అనే ఆన్‌లైన్ ఆటలో.

లక్షల మంది ఒకేసారి ఆడే ఆట అది. కత్తులు, మంత్రాలు, మరుగుజ్జుల కోటలు. ఆ సెప్టెంబరు 13న ఆట తయారుచేసిన బ్లిజార్డ్ సంస్థ జుల్ గురుబ్ అనే కొత్త గుడిని తెరిచింది. లోపల హక్కార్ అనే నెత్తురు దేవుడు. ఇరవై మంది ఆరితేరిన ఆటగాళ్ళు జట్టు కట్టి అతనితో పోరాడాలి. అతను విసిరే శాపం పేరు 'చెడిన నెత్తురు'. తగిలినవాడి ప్రాణబలాన్ని క్షణక్షణానికీ కొరుక్కుతింటుంది, పక్కన నిలబడినవాడికి అంటుతుంది. కొన్ని సెకన్లలో దానంతట అదే పోతుంది. ఆరితేరినవాళ్ళు తట్టుకుంటారు. కొత్తగా చేరిన బలహీనుడికి తగిలితే రెండు మూడు దెబ్బల్లో శవమే.

మన కుర్రాడి జబ్బుది గంట, దీనిది సెకన్లు. గుడి గడప దాటి రాజధాని చేరడం అసాధ్యం అని తయారీదారులు ధీమాగా ఉన్నారు. వాళ్ళ లెక్క మన రాత్రి లెక్కే, తప్పేమీ లేదు. అయినా కొద్ది రోజుల్లోనే అయన్‌ఫోర్జ్, ఆర్గ్రిమార్ లాంటి మహానగరాల వీధుల్లో అస్థిపంజరాలు పరుచుకున్నాయి.

దారి చూపింది పెంపుడు జంతువులు. ఆ ఆటలో వేటగాడు పులినో తోడేలునో మచ్చిక చేసుకుని వెంట తిప్పుకోవచ్చు. అక్కర్లేనప్పుడు 'వెళ్ళు' అంటే మాయమవుతుంది, పిలిస్తే మళ్ళీ ప్రత్యక్షమవుతుంది. మాయమైన పులి ఎక్కడికి పోతుంది? ఎక్కడికీ పోదు. కంప్యూటర్ దాని స్థితిని ఉన్నదున్నట్టు రాసి పెట్టుకుంటుంది. ఆకలి ఉంటే ఆకలి, గాయం ఉంటే గాయం. శాపం ఉంటే శాపం, ఇంకా ఎన్ని సెకన్లు మిగిలి ఉందో ఆ అంకెతో సహా.

గుడిలో శాపం తగిలిన పులిని వేటగాడు మాయం చేశాడు, చావకుండా కాపాడుకోవడానికి. ఊరికి తిరిగి వచ్చాడు, భోంచేశాడు, పడుకున్నాడు. మర్నాడు కిక్కిరిసిన నగరం నడిబొడ్డున పులిని పిలిచాడు. ఇరవై నాలుగు గంటలు గడిచాయి, కానీ జబ్బు వయసు ఒక్క సెకను కూడా పెరగలేదు. నిన్న ఎక్కడ ఆగిందో అక్కడినుంచే మొదలైంది. దారి ఎంత పొడవైతే ఏం, జబ్బు గడియారాన్ని ఆపి జేబులో వేసుకున్నప్పుడు!

ఒకసారి నగరంలోకి వచ్చాక దానికి ఇంకో వసతి దొరికింది. కొట్లు నడిపేవాళ్ళు, కావలి భటులు ఆ ఆటలో మనుషులు కారు, కంప్యూటర్ ఆడించే బొమ్మలు. వాటికి జబ్బు అంటుతుంది కానీ అవి చావవు. అంగట్లో నిలబడి, వచ్చినవాడికల్లా సరుకుతోపాటు శాపాన్ని అంటిస్తూ ఉంటాయి. కొందరు వైద్య విద్య తెలిసిన ఆటగాళ్ళు వీధుల్లో నిలబడి ఉచితంగా వైద్యం చేశారు. కొందరు ఊళ్ళు వదిలి అడవుల్లోకి పోయారు. కొందరు చూద్దామని వచ్చి అంటించుకున్నారు. కొందరు కావాలనే అంటించారు. ఎరిక్ లాఫ్‌గ్రెన్, నీనా ఫెఫర్‌మన్ అనే పరిశోధకులు 2007లో లాన్సెట్ వారి అంటువ్యాధుల పత్రికలో దీనిమీద వ్యాసం రాశారు. ఆటలో చచ్చినవాడు మళ్ళీ లేస్తాడు కాబట్టి అక్కడి తెగింపును నిజ జీవితానికి పూర్తిగా అన్వయించలేం. నాకు అందులో ఆసక్తి మనుషుల మీద కాదు, పులి మీద.

ఎందుకంటే బ్లిజార్డ్ వాళ్ళు ఏం చేసి గెలిచారో చూడండి. రోగులను విడిగా ఉంచాలని చూశారు, ఎవరూ వినలేదు. చివరకు ఆటను నడిపే కంప్యూటర్లను రీసెట్ చేసి, పెంపుడు జంతువులకు శాపం అంటకుండా నియమం మార్చారు. హక్కార్ మాత్రం తన గుడిలో శాపాలు విసురుతూనే ఉన్నాడు. జేబు కుట్టేశారు, మహమ్మారి ఆగిపోయింది.

ఇప్పుడు అసలు మధ్యయుగానికి రండి. 1347 నుంచి 1351 వరకు ఐరోపాలో మూడో వంతుకు తగ్గకుండా జనాన్ని మింగిన ప్లేగు. 'ప్లేగు ఎలా వ్యాపిస్తుంది? ఎలుకల ద్వారా' అని ఒక మార్కు ప్రశ్నకు జవాబు రాసి అందరం పెద్దవాళ్ళమయ్యాం. ఆ జవాబులో ఉండాల్సిన పురుగు లేదు. 1898 జూన్‌లో పాల్ లూయీ సైమండ్ అనే ఫ్రెంచి వైద్యుడు కరాచీలో పెద్ద గాజు జాడీలో ప్లేగు సోకిన ఎలుకను పెట్టాడు. గోమార్లు (ఎలుకలకు, కుక్కలకు, పిల్లులకు పట్టే రెక్కల్లేని పురుగులు, ఇంగ్లిషులో ఫ్లీలు) చాలవనిపించి, దిగిన హోటల్లోని పిల్లి ఒంటి మీద నుంచి కొన్ని అరువు తీసుకున్నాడు. జబ్బు ఎలుక చావుబతుకుల్లో ఉండగా ఆరోగ్యంగా ఉన్న ఎలుకను వలపంజరంలో ఉంచి జాడీలో వేలాడదీశాడు. రెండూ ఒకదాన్నొకటి తాకలేదు. అయినా రెండోదానికి ప్లేగు వచ్చింది. గోమార్లు లేకుండా కలిపి ఉంచితే రాలేదు.

ఆ గోమారి కడుపులో జరిగేది కొంచెం దగ్గరగా చూడాలి. ప్లేగు బాక్టీరియా పేరు యెర్సీనియా పెస్టిస్. గోమారి నెత్తురు పీల్చినప్పుడు లోపలికి పోయి, కడుపు ముఖద్వారంలో ముళ్ళతో నిండిన ఒక చిన్న కవాటం దగ్గర తిష్ట వేస్తుంది. హెచ్ ఎం ఎస్ అనే జన్యువుల సాయంతో జిగురు పొర అల్లుకుని గడ్డకడుతుంది. కవాటం మూసుకుపోతుంది. గోమారి ఎంత పీల్చినా నెత్తురు కడుపులోకి దిగదు. ఆకలితో మండిపోతూ కనిపించిన ప్రతి ఒంటినీ కుడుతుంది. పీల్చిన నెత్తురు గడ్డకు కొట్టుకుని, బాక్టీరియాను వెంటబెట్టుకుని గాయంలోకి తిరిగి వస్తుంది. ఈ అడ్డు సంగతి 1914లో బేకట్, మార్టిన్ కనిపెట్టారు. దాదాపు 28 డిగ్రీల సెంటీగ్రేడు దాటితే ఆ గడ్డ సరిగా నిలవదు. మన దేశంలో ఎండలు ముదిరితే ప్లేగు తగ్గడానికి అదీ ఒక కారణమని చెబుతారు. అమ్మవారు శాంతించిందని జనం అనుకున్న నెలలు అవే.

చల్లగా, తేమగా ఉండే చోట ఎలుక గోమారి తిండి లేకుండా కూడా వారాల తరబడి బతుకుతుంది. ధాన్యం బస్తాలో, బట్టల మూటలో. రోగి వారంలో చనిపోవచ్చు, ఎలుక అంతకన్నా ముందే రాలిపోవచ్చు. మూట కట్టిన తాడు విప్పేదాకా జబ్బు గడియారం ఆగే ఉంటుంది. 1665లో ఇంగ్లండులోని ఈయమ్ అనే పల్లెకు ప్లేగు లండన్ నుంచి దర్జీకి వచ్చిన బట్టల్లోనే చేరిందని చెబుతారు. ఆ చిన్న ఊళ్ళో సుమారు 260 మంది పోయారు. (మధ్యయుగపు ప్లేగులో ఎలుక గోమార్ల వాటా ఎంత, మనుషుల ఒంటి పేల వాటా ఎంత అని పండితులు ఇంకా కొట్లాడుకుంటున్నారు. కొట్లాడుకోనివ్వండి.)

మూట కంటే పెద్ద జేబు కొండల్లో ఉంది. కిర్గిజ్‌స్తాన్‌లో ఇస్సిక్ కుల్ సరస్సు దగ్గర పాత శ్మశానాలున్నాయి. సిరియాక్ లిపిలో సంవత్సరాలు చెక్కిన సమాధి రాళ్ళు 467 ఉంటే, వాటిలో 118 రాళ్ళ మీద ఒకే రెండు సంవత్సరాలు, 1338, 1339. ఒక రాయి మీద అది పులి సంవత్సరమని, సన్మక్ అనే విశ్వాసి మహమ్మారితో మరణించాడని ఉంది. అక్కడి ఏడుగురి పళ్ళు పరీక్షిస్తే ముగ్గురిలో ప్లేగు బాక్టీరియా డీఎన్ఏ దొరికింది. 2022లో నేచర్ పత్రికలో వచ్చింది. ఆ తియాన్ షాన్ కొండల్లో బొరియలు తవ్వుకునే మార్మట్ అనే బొద్దు ఉడుతల్లో ప్లేగు ఈనాటికీ కాపురముంటోంది. ఐరోపా నగరాలు ఖాళీ అవడానికి ఎనిమిదేళ్ళ ముందే వేటగాడి పులి అక్కడ సిద్ధంగా ఉంది.

ఊపిరి ద్వారా మనిషి నుంచి మనిషికి అంటే రకం ప్లేగు ఒకటుంది. వైద్యం లేకపోతే రెండు మూడు రోజుల్లో దాదాపు అందరినీ చంపుతుంది. మా కుర్రాడి జబ్బుకు దగ్గరి చుట్టం. అంత తొందరపాటు జబ్బు దూరం పోలేదనాలి కదా? 1910-11 చలికాలంలో ఈశాన్య చైనాలోని మంచూరియాలో అది సుమారు 60 వేల మందిని చంపింది. మార్మట్ తోళ్ళ కోసం వేటకు వెళ్ళిన కూలీలు కొత్త సంవత్సరానికి ఇళ్ళకు బయలుదేరారు, రైళ్ళలో. జబ్బు నెమ్మదించలేదు, దారే పొట్టిదైపోయింది. ఎడ్లబండ్ల కాలమైతే వాళ్ళు దారిలోనే ఆగిపోయేవారు.

జబ్బు గడియారం ఒకటి, దారి గడియారం ఒకటి, ఈ రెండు గడియారాల పందెం అర్థమైతే క్వారంటైన్ కూడా అర్థమవుతుంది. కావాలని రాత్రిని పొడిగించడమే అది. 1377లో రగూసా నగరం, అంటే నేటి క్రొయేషియాలోని దుబ్రోవ్నిక్, వచ్చినవాళ్ళను 30 రోజులు బయటే ఆపింది. తరువాత అది 40 అయింది. ఇటాలియన్‌లో నలభైని క్వారంటా అంటారు. వెనిస్‌వాళ్ళు ఇంకో అడుగు ముందుకేసి, దీవిలో సరుకు మూటలు కూడా విప్పి గాలికి ఆరబెట్టేవారు. గోమారి సంగతి తెలియదు, జేబు సంగతి మాత్రం చూచాయగా తెలుసు. ఆ నలభయ్యే తిరిగి తిరిగి హైదరాబాదు చేరింది. నల్లకుంట ఫీవర్ ఆసుపత్రిని పాతవాళ్ళు కోరంటి దవాఖానా అంటారు. ఆ కోరంటి ఈ క్వారంటైనే.

ఎలుకలు రాలితే ఊరు విడిచిపోవడాన్ని మూఢనమ్మకమని కొట్టిపారేసిన చదువుకున్నవాళ్ళు ఉండేవారు. గఢ్వాల్, కుమావూ కొండల్లో పల్లెవాళ్ళు ఆ పని తరతరాలుగా చేశారు. జబ్బును వాళ్ళు పిలిచిన పేరు కూడా మహామారీయే. ఎలుక చచ్చి చల్లబడగానే గోమార్లు దాన్ని వదిలి ఇంకో వెచ్చని ఒంటి కోసం దూకుతాయి. అప్పటికి ఆ ఒళ్ళు ఊళ్ళో లేకపోవడం కంటే మంచి వైద్యం ఆ రోజుల్లో లేదు. వాళ్ళు చెప్పిన కారణం తప్పు, చేసిన పని ఒప్పు. చెప్పే కారణం ఒప్పై, చేసే పని తప్పైనవాళ్ళను నేను ఎక్కువగా చూశాను.

మా కుర్రాడికి జవాబు రాశాను. గంట జబ్బును వారం జబ్బు చేయమన్నాను. వేసవిలో గోమారి కడుపులో గడ్డ నిలవదు కాబట్టి రాకుమారి పెళ్ళి మాఘ మాసానికి మార్చమన్నాను, ముహూర్తాలకూ ఢోకా ఉండదు. మూడో అధ్యాయానికి, తొమ్మిదో అధ్యాయానికి మధ్య కథలో పద్దెనిమిది రోజులు గడుస్తున్నాయి, అది సరిపోతుంది. సముద్రం అవతలి నుంచి వచ్చిన ఆ పట్టు మూటలను మాత్రం కోట అటక మీద అలాగే ఉంచమన్నాను, దాసి వచ్చి తాడు విప్పేదాకా.