క్షయ నిర్ధారణలో రక్తపరీక్షలు: అపోహలు - వాస్తవాలు

టీబీ ల్యాబులో తెమడ పరీక్షించే మా దగ్గరకు రోగులు డబ్బీ కంటే ముందు రక్తపరీక్షల కాగితాలు తెస్తారు. "డాక్టరు గారూ, రక్తంలో టీబీ ఉందని రానే వచ్చింది కదా, మళ్లీ తెమడ ఎందుకండీ?" అని అడుగుతారు.

అపోహ: రక్తపరీక్షతో టీబీ ఉందో లేదో తేలిపోతుంది.

వాస్తవం: ఊపిరితిత్తుల క్షయలో క్రిమి బయటపడేది తెమడలోనే. అది రక్తంలో దొరకడం అరుదు కనుక, రక్తపరీక్షలు క్రిమిని కాక దానికి శరీరం చూపిన స్పందనను వెతుకుతాయి. ఐజీజీ, ఐజీఎం అనే యాంటీబాడీ పరీక్షలు జబ్బు ఉన్నవారికి లేదనీ, లేనివారికి ఉందనీ చూపుతుండడంతో వాటిని వాడవద్దని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2011లో చెప్పింది. 2012 జూన్‌లో మన ప్రభుత్వం ఆ కిట్ల తయారీని, దిగుమతిని, అమ్మకాన్ని నిషేధించింది. ఎవరైనా అటువంటి కాగితం తెస్తే నేను అందులోని అంకెలు చదవను.

అపోహ: టీబీ గోల్డ్ అనే రక్తపరీక్ష పాజిటివ్ వస్తే టీబీ మందులు మొదలుపెట్టాలి.

వాస్తవం: క్షయ క్రిమికి చెందిన ప్రొటీన్లు పూసిన గొట్టాల్లో రక్తం పోసి, 37 డిగ్రీల వేడిలో 16 నుంచి 24 గంటలు ఉంచుతాము. ఆ క్రిమిని మునుపే ఎరిగిన తెల్లకణాలు ఇంటర్‌ఫెరాన్ గామా అనే ప్రొటీన్‌ను విడుదల చేస్తే దాన్ని కొలుస్తాము. క్రిమి ఒంట్లో ప్రవేశించిందని మాత్రమే దీనివల్ల తెలుస్తుంది. అది నిద్రాణంగా ఉందో, జబ్బుగా మారిందో ఈ పరీక్ష చెప్పలేదు. 2019-21 జాతీయ సర్వేలో 15 ఏళ్లు పైబడినవారిలో దాదాపు 31 శాతం మందికి ఇటువంటి పరీక్ష పాజిటివ్ వచ్చింది. వీరిలో అత్యధికులకు జీవితకాలంలో జబ్బు రాదు. రోగితో ఒకే ఇంట్లో ఉంటున్నవారికి జబ్బు లేదని తేల్చుకున్నాక, నివారణ మందుల నిర్ణయానికి ఈ పరీక్ష నిజంగా ఉపయోగపడుతుంది. నెగెటివ్ వచ్చినంత మాత్రాన నిశ్చింత కూడదు. హెచ్ఐవీ ఉన్నవారిలో, బాగా చిక్కిపోయినవారిలో అది తప్పుదారి పట్టించవచ్చు.

అపోహ: ఈఎస్ఆర్ (రక్తంలో ఎర్రకణాలు అడుగుకు దిగే వేగం) పెరిగితే టీబీయే.

వాస్తవం: రక్తహీనతలోనూ, కీళ్లవాతంలోనూ, గర్భిణుల్లోనూ అది పెరుగుతుంది.

అపోహ: తెమడలో నెగెటివ్ వచ్చింది కనుక టీబీ లేదు.

వాస్తవం: ముందుగా ఆ డబ్బీలో ఏముందో చూడాలి. నురగగా, నీళ్లలా ఉంటే అది ఉమ్మి. చిక్కగా, జిగటగా ఉంటేనే తెమడ. పొద్దున్నే నోరు నీళ్లతో పుక్కిలించి, జనానికి దూరంగా ఆరుబయట నిలబడి, రెండు మూడుసార్లు గట్టిగా ఊపిరి పీల్చి, గుండెల లోతు నుంచి దగ్గి తీయాలి. సూక్ష్మదర్శినిలో క్రిమి కనిపించాలంటే మిల్లీలీటరు తెమడలో కనీసం 5,000 నుంచి 10,000 క్రిములుండాలి. క్రిమి జన్యుపదార్థాన్ని వెతికే సీబీనాట్‌, గోవా సంస్థ తయారుచేసే ట్రూనాట్‌ పరీక్షలకు అంతకంటే చాలా తక్కువ చాలు. రిఫాంపిసిన్ అనే ముఖ్యమైన టీబీ మందు పనిచేస్తుందో లేదో కూడా అవి గంటల్లోనే చెబుతాయి. మెడ గడ్డల టీబీ అయితే తెమడలో ఏమీ దొరకకపోవచ్చు. అప్పుడు సూదితో ఆ గడ్డ నుంచే నమూనా తీయాలి.

ఇంతకీ జబ్బు ఖాయమయ్యాక రక్తం తీయక తప్పదు. హెచ్ఐవీ ఉందా, చక్కెర ఎంత ఉంది, మందులకు కాలేయం తట్టుకోగలదా అన్నవి చూసేది అందులోనే.