అంకె మారితే సరిపోదు: ఫైర్ సిబ్బంది రేడియోలు కొత్త ఫ్రీక్వెన్సీకి మారేటప్పుడు

అగ్నిమాపక శాఖ రేడియోలకు కొత్త ఫ్రీక్వెన్సీలు ఇచ్చారంటే, ఇంట్లో రేడియో స్టేషను మార్చుకున్నంత పనేలే అనిపిస్తుంది. అంకె మార్చడం నిజంగానే తేలిక. హ్యాండ్‌సెట్‌ను కేబుల్‌తో కంప్యూటర్‌కు తగిలించి కొత్త ఛానళ్ల ఫైలు ఎక్కిస్తే నిమిషాల్లో అయిపోతుంది. చిక్కంతా ఆ అంకె వెంట మారిపోయే వాటితోనే.

మొదట మారేది తరంగం పొడవు. 150 మెగాహెర్ట్జ్ దగ్గర అది 2 మీటర్లు, 450 దగ్గర 67 సెంటీమీటర్లు, 800 దగ్గర 37. బండి మీది యాంటెన్నా సాధారణంగా అందులో పావు వంతు ఉంటుంది: 50, 17, 9 సెంటీమీటర్లు. 150 నుంచి 800కి మారిన ఫైరింజను మీద పాత కడ్డీనే వదిలేస్తే, పంపిన శక్తిలో చాలా భాగం సెట్టులోకే తిరిగొస్తుంది. సెట్టు కాలిపోకుండా తన పవర్ తానే తగ్గించుకుంటుంది. 450కి మారితే తమాషా వేరు. 150కి అది సరిగ్గా మూడు రెట్లు కనుక పాత కడ్డీ ఓ మాదిరిగా పనిచేసేస్తుంది, స్టేషను ఆవరణలో పరీక్షిస్తే పాసైపోతుంది. కానీ శక్తిలో మంచి వాటా నేలబారుగా కాక ఏటవాలుగా పైకి పోతుంది. ఆ లోటు నగరం అంచుకు వెళ్లాకే బయటపడుతుంది.

ఒకే రకం యాంటెన్నాలతో, ఖాళీ గాలిలో, అంతే దూరానికి 800 దగ్గర అందే సిగ్నల్ 150 దగ్గర అందేదానిలో సుమారు 28వ వంతే. అందుకే టవర్లు పెంచాలి. భవనాల్లో లెక్క ఇంత సూటిగా ఉండదు. పొట్టి తరంగాలు కిటికీల్లోంచి, మెట్ల దారిలోంచి మెరుగ్గా దూరతాయి. అదే కిటికీకి వేడిని ఆపే లోహపు పూత అద్దం ఉంటే చాలావరకు అక్కడే ఆగిపోతాయి.

బ్యాండ్ (ఫ్రీక్వెన్సీల శ్రేణి) మారకుండా ఛానల్ వెడల్పు మాత్రమే తగ్గించడం ఇంకో రకం మార్పు. అమెరికాలో 512 మెగాహెర్ట్జ్ లోపు ఇలాంటి రేడియోల్లో చాలావాటికి 2013 జనవరి 1 నాటికి 25 కిలోహెర్ట్జ్ వెడల్పును 12.5కి కుదించమన్నారు. సగం సెట్లు మారి సగం మారకపోతే, కొత్త సెట్టు మాట పాతదానిలో నూతిలోంచి వచ్చినట్టు సన్నగా వినిపిస్తుంది, పాత సెట్టు మాట కొత్తదానిలో పగిలిపోతుంది. మాటతో పాటే వెళ్లి అవతలి సెట్టు స్పీకరును తెరిచే టోన్ తప్పుగా నింపితే ఇంకా ఘోరం: సిగ్నల్ వచ్చిందని లైటు వెలుగుతుంది, స్పీకరు మాత్రం పలకదు. ఈ లక్షణం కనిపిస్తే స్పీకరును అనుమానించకుండా ముందు టోన్ చూడాలి.

డిజిటల్‌కు కూడా ఒకేసారి మారితే జాగ్రత్త రెట్టింపు కావాలి. అనలాగ్‌లో సిగ్నల్ తగ్గేకొద్దీ బుస పెరుగుతుంది, అది హెచ్చరిక. డిజిటల్ చివరిదాకా శుభ్రంగా పలికి ఒక్కసారిగా మూగబోతుంది. పైగా మాటను అంకెలుగా మార్చే దాని కోడర్ మనిషి గొంతును బట్టి తయారైంది. పక్కన రంపమో, వీపు మీది సిలిండర్లో గాలి అయిపోతోందన్న అలారమో మోగితే మాట ముద్దవుతుంది. 2001 మార్చిలో న్యూయార్క్ అగ్నిమాపక శాఖ డిజిటల్ హ్యాండ్‌సెట్లు ఇచ్చి కొద్ది రోజులకే వెనక్కి తీసుకుంది. కారణం, మంటల్లో చిక్కుకున్న ఒకరు సాయం కోసం పెట్టిన కేక తోటివాళ్ల సెట్లకు అందకపోవడం. తర్వాత అవే సెట్లను అనలాగ్ పద్ధతిలో పెట్టి మళ్లీ ఇచ్చారు.

బటన్ నొక్కి ఒక క్షణం ఆగి మాట్లాడమని నేర్పడానికీ కారణం ఉంది. తొందరపడితే మొదటి మాట తెగి, ఎవరిని పిలిచారో తెలియదు. తెలుగులో చివర కూడా అంతే ముఖ్యం: బటన్ ముందే వదిలితే ‘లోపలికి వెళ్లొద్దు’లో ‘వద్దు’ పోతుంది.

టవర్ అనుమతి ఇస్తేనే మాట సాగే వ్యవస్థల్లో, సెల్లారులోకి దిగినవాడికి టవర్ అందకపోతే పది అడుగుల దూరంలోని తోటివాడు కూడా అందడు. అందుకని టవర్‌తో పనిలేకుండా సెట్టు నుంచి సెట్టుకు నేరుగా వెళ్లే ఛానల్ ఒకటి తప్పనిసరి. అది అన్ని సెట్లలోనూ నాబ్ మీద ఒకే స్థానంలో ఉండాలి. పొగలో, గ్లౌజులతో, తెర చూడకుండానే దాన్ని తిప్పుతారు కదా.

పెద్ద భవనాల్లో రేడియో సిగ్నల్‌ను పెంచే యాంప్లిఫయర్లను చాలామంది మరిచిపోతారు. అవి పాత బ్యాండ్‌కే ట్యూన్ అయి ఉంటే కొత్త సిగ్నల్‌ను పట్టించుకోవు. కొత్తది బిగించేటప్పుడు పైకప్పు యాంటెన్నాకూ లోపలి యాంటెన్నాలకూ మధ్య ఐసొలేషన్ (ఒకదాని సిగ్నల్ రెండోదానికి చేరకుండా ఉండే అడ్డు) యాంప్లిఫయర్ గెయిన్ (సిగ్నల్‌ను పెంచే మోతాదు) కన్నా తగినంత ఎక్కువ ఉండాలి. లేదంటే మైకు స్పీకరు ముందు కూసినట్టు అదే కూత మొదలుపెట్టి, చుట్టుపక్కల ఛానల్‌నే ముంచేస్తుంది.

కవరేజీ పరీక్షను బండిలో కూర్చుని చేస్తే లాభం లేదు. పూర్తి దుస్తులు, మాస్కు వేసుకుని, సెట్టును నడుముకు తగిలించుకుని సెల్లారులోకి, మెట్ల మీదికి నడవాలి. ఒంటికి ఆనుకున్న యాంటెన్నా సిగ్నల్‌లో చాలా భాగం ఒళ్లే మింగేస్తుంది.

మార్పు రోజు కాల్స్ తక్కువగా ఉండే వేళ చూసుకుని, పాత రిపీటర్‌ను (సిగ్నల్‌ను అందుకుని మళ్లీ దూరానికి పంపే పరికరాన్ని) ఆపకుండా, కంట్రోల్ రూమ్‌లో పాత, కొత్త ఛానళ్లను కలిపి ఉంచి, స్టేషన్ల వారీగా మార్చుకుంటూ పోతారు. పొరుగు ఊళ్ల శాఖలకు కొత్త ఛానళ్ల ఫైలు ముందే చేరాలి, స్టేషన్లలో కాల్ మోగించే రిసీవర్లూ అదే రోజు మారాలి. సీరియల్ నంబర్ల జాబితాలో టిక్ పడని సెట్టు ఒక్కటున్నా పాత రిపీటర్‌ను తీయకూడదు. ఎందుకంటే ఆ సెట్టు తరచూ రిజర్వు బండిలో ఉంటుంది. ఆ బండి రోడ్డెక్కేది మిగతా బండ్లన్నీ బయటికి వెళ్లిపోయిన రోజునే.