ఇతరుల వ్యవహారాల్లో తలదూర్చే ఇంగ్లీషు క్రియలు

చిరంజీవులైన మనవలకు, మనవరాళ్ళకు తాతయ్య ఆశీర్వదించి వ్రాయునది.

ఇతరుల వ్యవహారాల్లో కల్పించుకోవడాన్ని తెలిపే ఇంగ్లీషు క్రియల్లో ఎక్కడ ఏది వాడాలో తేలడం లేదని అడిగారు. నిఘంటువు తెరిస్తే వాటిలో చాలావాటికి ‘జోక్యం చేసుకొను’ అన్న ఒకే అర్థం కనబడుతుంది కనుక మీ తికమక సహజమే. కాని ఈ క్రియలు జరిగిన పనిని చెప్పి ఊరుకోవు, ఆ పని చేసిన మనిషి మీద ఒక తీర్పు కూడా చెబుతాయి. ఆ తీర్పును గమనించకుండా మాట వాడితే, మేలు చేయడానికి వచ్చినవారికి నింద అంటగట్టినవాళ్ళమవుతాము.

అన్నిటికంటే ఎక్కువ పొరపాట్లు జరిగేది ఇంటర్‌ఫియర్, ఇంటర్వీన్ అనే జంట దగ్గర. ఇంటర్వీన్ అనే మాటకు లాటిన్‌లో ‘నడుమకు వచ్చు’ అని అర్థం. ఇద్దరు కొట్టుకుంటుంటే మూడో మనిషి మధ్యలోకి వెళ్ళి విడదీశాడనుకోండి, అతడు చేసిన పనికి ఈ మాటే తగినది. ఇంటర్‌ఫియర్ ‘ఒకరినొకరు కొట్టుకొను’ అనే అర్థమున్న పాత ఫ్రెంచి క్రియ నుంచి వచ్చింది. ఇంగ్లీషులో తొలినాళ్ళలో దానిని గుర్రాల విషయంలో వాడేవారు: నడిచేటప్పుడు ఒక కాలి గిట్ట పక్క కాలికి తగిలి గాయం చేస్తే గుర్రం ఇంటర్‌ఫియర్ అవుతోందని అనేవారు. ఈనాటికీ ఆ మాటలో వినబడేది సాగుతున్న పనికి ఎవరో అడ్డుతగిలారన్న ఫిర్యాదే. రెండు తరంగాలు ఒకదానితో ఒకటి కలిసినప్పుడు జరిగేదాన్ని మీ భౌతికశాస్త్రంలో వ్యతికరణం అని చదువుకుంటారు; దానికి 19వ శతాబ్దపు తొలి ఏళ్ళలో ఇంగ్లీషు శాస్త్రవేత్త థామస్ యంగ్ ఇంటర్‌ఫియరెన్స్ అనే పేరు వాడారు. తరంగాలకు మాత్రం ఆ నింద అంటదు.

దాని వెంట వచ్చే చిన్న మాటను కూడా చూసుకోవాలి. ఇంటర్‌ఫియర్ ఇన్ అంటే ఒకరి వ్యవహారంలో కల్పించుకోవడం, ఇంటర్‌ఫియర్ విత్ అంటే అడ్డుపడటం. రెండోదానికి మనిషే ఉండనక్కరలేదు. పక్కగదిలో టీవీ మోత మీ చదువుకు అడ్డుపడుతోందని చెప్పడానికీ అది సరిపోతుంది.

1954 ఏప్రిల్ 29న భారత్, చైనా సంతకాలు చేసిన ఒప్పందంలోని పంచశీల సూత్రాలను మీరు పాఠాల్లో చదివే ఉంటారు. ఒకరి ఆంతరంగిక వ్యవహారాల్లో మరొకరు జోక్యం చేసుకోరాదన్న మూడో సూత్రానికి ఇంగ్లీషు పాఠంలో ఉన్న మాట నాన్‌-ఇంటర్‌ఫియరెన్స్. అయితే 1945 నాటి ఐక్యరాజ్యసమితి ఛార్టర్, దేశాల సొంత వ్యవహారాల ప్రస్తావన వచ్చే రెండో అధికరణం ఏడో క్లాజులో, ఇంటర్వీన్ అనే క్రియనే వాడింది. రాజ్యాల విషయంలో ఆ మాటకు బలంతో లోపలికి రావడమన్న ధ్వని కూడా ఉంది. కనుక ఇంటర్వీన్ ఎల్లవేళలా మంచిదేనని బట్టీపట్టకండి. నడుమకు వచ్చినది ఎవరు, ఎందుకు వచ్చారు అన్నది వాక్యంలో చూసి నిర్ణయించుకోండి.

మెడిల్ విషయంలో అంత ఆలోచన అవసరం లేదు, అది దాదాపు ఎప్పుడూ నిందే. దాని మూలార్థం మాత్రం ‘కలుపు’. అనేక పాటలను కలిపి పాడే మెడ్లీ కూడా ఆ కుటుంబంలోదే. మనం కలుపుగోలుతనాన్ని మెచ్చుకుంటాము, ఇంగ్లీషువారు అదే కలపడం నుంచి తప్పుపట్టే మాటను చేసుకున్నారు. నాకు ఇది ఎంతో ఆలోచించదగిన సంగతిగా తోస్తుంది.

ఇక రహస్యాలు తెలుసుకోవాలన్న ఆరాటాన్ని చెప్పే క్రియలు వేరే ఉన్నాయి. ప్రై అంటే ఎదుటివారు చెప్పడానికి ఇష్టపడని విషయాన్ని గుచ్చిగుచ్చి అడగడం, తొంగిచూడటం. స్నూప్ అంటే దొంగచాటుగా వెతకడం. చాటుగా మిఠాయి తినడాన్ని చెప్పే డచ్చి మాట అమెరికా చేరి ఈ అర్థం తెచ్చుకుంది. ఈవ్స్‌డ్రాప్ చరిత్ర ఇంకా వివరంగా చెప్పదగినది. ఇంటి చూరు నుంచి వాననీరు జారిపడే నేలకు పాత ఇంగ్లీషులో ఉన్న పేరు నుంచి అది పుట్టింది. ఆ నేల మీద పొంచి నిలబడి లోపలి మాటలు వినేవాడే ఈవ్స్‌డ్రాపర్. 18వ శతాబ్దపు న్యాయకోవిదుడు విలియం బ్లాక్‌స్టన్, గోడల పక్కన, కిటికీల కింద, చూరు కింద చెవి ఒగ్గి విని కొండేలు అల్లేవారిని శిక్షార్హులుగా పేర్కొన్నారు. ఇంగ్లండులో ఈ నేరాన్ని 1967 నాటి క్రిమినల్ లా చట్టంతో గాని తొలగించలేదు. చెవికి తానై పడిన మాటను విన్నవారిని ఓవర్‌హియర్ చేశారనాలి. పొంచి విన్నవారికే ఈవ్స్‌డ్రాప్ వర్తిస్తుంది. ఈ భేదాన్ని దయచేసి గట్టిగా పట్టుకోండి, ఎందుకంటే ఇక్కడ మాట తప్పితే నిర్దోషి దోషి అవుతాడు.

ట్యాంపర్‌కు విత్ తప్పనిసరి. సాక్ష్యాలనో మీటర్లనో చెడగొట్టే ఉద్దేశంతో మార్చినప్పుడు ఆ మాట వాడతారు. ఇంట్రూడ్ అంటే పిలవని చోటికి చొరబడటం. ఒకరి ఏకాంతాన్ని భంగపరిచినప్పుడు దాని వెంట ఆన్ వస్తుంది.

మంచి మనసుతో నడుమకు వచ్చేవారికీ రెండు క్రియలున్నాయి. మీ వల్ల జరిగిన తప్పును క్షమించమని మీ అమ్మ మాస్టారిని మీ తరఫున వేడుకుంటే ఆమె ఇంటర్సీడ్ చేసినట్టు. ఏ పక్షమూ వహించకుండా ఇద్దరి మాటా విని రాజీకి తెచ్చేవారు మీడియేట్ చేస్తారు. మన దేశంలో 2023లో చేసిన మధ్యవర్తిత్వ చట్టం ఇంగ్లీషు పేరులో ఉన్నది ఈ మాటే. ఈ రెంటిలో ఏది రాయాలో తేల్చుకోవాలంటే, ఆ మనిషి ఒకరి పక్షాన మాట్లాడుతున్నారా, ఇద్దరి నడుమ కూర్చున్నారా అని చూడండి.

ఆశీస్సులతో,
మీ తాతయ్య