ఐగెన్ ఫంక్షన్లు: క్లాసులో ఏటా వినే అపోహలు, అసలు వాస్తవాలు

కోనసీమలో ఎమ్మెస్సీ పిల్లలకు లెక్కలు చెప్పడం నా పని. ఇంటెగ్రల్ ట్రాన్స్‌ఫార్మ్స్ (ఇంటెగ్రల్ కట్టి ఒక ఫంక్షన్‌ని మరో ఫంక్షన్‌గా మార్చే పద్ధతులు) మొదలుపెట్టిన రోజు ఏటా ఒకే ప్రశ్న అడుగుతాను: "ట్రాన్స్‌ఫార్మ్ చేశాక కూడా తన రూపం పోగొట్టుకోని ఫంక్షన్ ఏది?" రూపం అలాగే ఉండి, ఒక సంఖ్యతో గుణించినంత మాత్రమే మార్పు వస్తే అది ఆ ట్రాన్స్‌ఫార్మ్‌కి ఐగెన్ ఫంక్షన్. ఆ సంఖ్య ఐగెన్ వాల్యూ. ఏటా వచ్చే జవాబులూ దాదాపు ఒకటే. వాటి గురించే ఇది.

అపోహ: ఫూరియర్ ట్రాన్స్‌ఫార్మ్‌కి (ఫంక్షన్‌ని అలలుగా విడదీసి చూపే ట్రాన్స్‌ఫార్మ్) ఐగెన్ ఫంక్షన్ గాసియన్, అంటే గంట ఆకారంలో ఉండే "ఈ పవర్ మైనస్ ఎక్స్ స్క్వేర్ బై 2", ఒక్కటే.

పుస్తకాల్లో ఎక్కువగా కనిపించే ఉదాహరణ అదే కాబట్టి పిల్లల్ని తప్పు పట్టలేం. కానీ ఆ గంట ఆకారాన్ని హెర్మైట్ పాలినామియల్స్‌తో గుణించుకుంటూ పోతే వచ్చే హెర్మైట్ ఫంక్షన్లన్నీ ఐగెన్ ఫంక్షన్లే. అంతకంటే ముఖ్యమైన సంగతి, మనకు కావలసినన్ని మనమే తయారు చేసుకోవచ్చు.

మొన్న ఒక అమ్మాయిని బోర్డు దగ్గరికి పిలిచి "ఈ పవర్ మైనస్ మాడ్ ఎక్స్" (e^(-|x|)) రాయమన్నాను. ఇంటెగ్రల్‌కి ముందు 1 బై రూట్ 2పై ఉండే డెఫినిషన్‌తో దాని ట్రాన్స్‌ఫార్మ్ కట్టింది. 1 బై (1 ప్లస్ ఎక్స్ స్క్వేర్), దాని ముందు రూట్ (2 బై పై) వచ్చింది. "ఇప్పుడు ఈ రెండూ కలిపి, ఆ మొత్తానికి మళ్లీ ట్రాన్స్‌ఫార్మ్ కట్టమ్మా" అన్నాను. రెండు లైన్లు రాసి ఆగిపోయింది. "సార్, మొదటిది రెండోది అయింది, రెండోది మొదటిది అయింది. కుర్చీలు మార్చుకున్నాయంతే!" అంది. అంతే మరి. మొత్తం మారలేదు, ఐగెన్ వాల్యూ 1. కలపకుండా మొదటి దాంట్లోంచి రెండోది తీసేస్తే ఐగెన్ వాల్యూ మైనస్ 1 వస్తుంది. ఆ మొత్తానికి గ్రాఫ్ గీస్తే సున్నా దగ్గర మొన తేలి ఉంటుంది, గంట ఆకారమే కాదు. ట్రాన్స్‌ఫార్మ్ ఉన్న ఏ సరి ఫంక్షన్‌తోనైనా (సున్నాకి కుడి ఎడమలు ఒకేలా ఉండేది) ఈ పని చేయవచ్చు. ఇలాంటి వాటి మీద 1930లో హార్డీ, టిచ్‌మార్ష్ కలిసి ఒక పెద్ద వ్యాసమే రాశారు.

అపోహ: ఇన్ని ఐగెన్ ఫంక్షన్లుంటే ఐగెన్ వాల్యూలూ లెక్కలేనన్ని ఉంటాయి.

నాలుగే ఉంటాయి. ఫూరియర్ రెండుసార్లు కడితే ఫంక్షన్ అద్దంలో చూసినట్టు కుడి ఎడమలు తిరగబడుతుంది. నాలుగుసార్లు కడితే మొదటికి వస్తుంది. అంటే ఐగెన్ వాల్యూ నాలుగో ఘాతం 1 అయి తీరాలి: 1, మైనస్ 1, ఐ, మైనస్ ఐ (ఐ అంటే రూట్ మైనస్ 1). ఒక్కోదాని కింద ఫంక్షన్లు మాత్రం అనంతం. హెర్మైట్ ఫంక్షన్లు వరసగా మైనస్ ఐ ఘాతాలను తీసుకుంటూ ఈ నాలుగింటి మధ్యే తిరుగుతాయి.

అపోహ: ఐగెన్ వాల్యూ ఏ పుస్తకంలో చూసినా ఒకటే.

ఈ నమ్మకం వల్ల మార్కులు పోవడం నేను కళ్లారా చూశాను. ఒకసారి మా విద్యార్థి రాసిన సరైన జవాబుకి సున్నా పడింది. దిద్దినవారి పుస్తకంలో డెఫినిషన్ వేరు. ముందున్న 1 బై రూట్ 2పై తీసేస్తే పైన చెప్పిన నాలుగూ రూట్ 2పై రెట్లవుతాయి. ఘాతంలోనే 2పై పెట్టుకునే పద్ధతిలో అయితే "ఈ పవర్ మైనస్ ఎక్స్ స్క్వేర్ బై 2" అసలు ఐగెన్ ఫంక్షనే కాదు, "ఈ పవర్ మైనస్ పై ఎక్స్ స్క్వేర్" అవుతుంది. అందుకే పేపరు మీద పెన్ను పెట్టగానే డెఫినిషన్ రాయండి. ఆ ఒక్క లైను మీకు రక్ష.

అపోహ: మరో ట్రాన్స్‌ఫార్మ్ అయిన లాప్లాస్‌కి ఐగెన్ ఫంక్షన్లు లేవు.

1 బై రూట్ టీ తీసుకోండి. లాప్లాస్ కడితే రూట్ పై బై రూట్ ఎస్ వస్తుంది. రూపం అదే, ఐగెన్ వాల్యూ రూట్ పై.

అపోహ: ఇవన్నీ బోర్డు మీది లెక్కలు, బయట పనికిరావు.

ఈ మాట వింటే నాకు నిజంగా బాధేస్తుంది. అంతర్వేది దగ్గర గోదావరి పాయ వశిష్ట సముద్రంలో కలిసేచోట, అంటే మొగ దగ్గర, పోటు వస్తుంది. అదే పోటు నదిలోకి ఎదురెక్కి కాసేపటికి సఖినేటిపల్లి రేవుకి చేరుతుంది. అక్కడ నది దాటించే పంటు ఎక్కేవాళ్లకు ఇది కొత్త కాదు. మొగ దగ్గరి నీటిమట్టం నుంచి రేవు దగ్గరి మట్టం రాబట్టే లెక్క ఒక కన్వల్యూషన్ ఇంటెగ్రల్, అంటే గడిచిన ఒక్కో క్షణపు మట్టానికీ ఒక్కో వెయిట్ ఇచ్చి కూడడం. ఇలాంటి ఇంటెగ్రల్ దేనికైనా "ఈ పవర్ ఐ ఒమేగా టీ" (ఒకే వ్యవధితో ఊగే అల) ఐగెన్ ఫంక్షనే. అందుకే చంద్రుడి వల్ల 12 గంటల 25 నిమిషాలకోసారి వచ్చే పోటు రేవు దగ్గరా అదే వ్యవధితో వస్తుంది. మారేవి ఎత్తు, వచ్చే సమయం మాత్రమే.

"ఆలస్యమైతే రూపం మారినట్టే కదా సార్?" అని అడుగుతారు. మంచి ప్రశ్న. సైన్ ఫంక్షన్ ఒక్కదాన్నే తీసుకుంటే నిజమే, అది పక్కకు జరుగుతుంది. కాంప్లెక్స్ ఘాతంగా రాస్తే ఎత్తులో మార్పు, ఆలస్యం రెండూ ఐగెన్ వాల్యూ అనే ఒకే కాంప్లెక్స్ సంఖ్యలో ఇమిడిపోతాయి. అయితే ఈ లెక్క కొన్నిసార్లు నిలవదు. వరద రోజుల్లో నది ప్రవహించే తీరే మారిపోతుంది. లోతు తక్కువైన చోట అల ఆకారం చెదిరి, సగం వ్యవధితో కొత్త అలలూ పుడతాయి.

సఖినేటిపల్లి వైపు నుంచి వచ్చే పిల్లలకి ఈసారి వరద తగ్గాక ఒక పని పెడుతున్నాను. రేవు మెట్ల మీద నీటిమట్టం గంటకోసారి, వంతులవారీగా, 15 రోజులు రాయాలి. చంద్రుడి పోటునీ 12 గంటలకోసారి వచ్చే సూర్యుడి పోటునీ విడదీయడానికి దాదాపు అన్ని రోజులు కావాలి. అంతర్వేది పిల్లలు మొగ దగ్గర అదే పని చేస్తారు. రెండు జట్ల రికార్డులూ పక్కపక్కన పెట్టి ఆ ఒక్క కాంప్లెక్స్ సంఖ్య కట్టుకుని రావాలి.