ఆ ధగధగ బంగారానిది కాదు

2023 ఆగస్టు 23న చంద్రయాన్-3 దిగుతున్నప్పుడు టీవీలో ల్యాండర్ బొమ్మ చూసి మా పెద్దమ్మ అడిగిన మొదటి మాట, "దీనికి ఎన్ని తులాలు పట్టి ఉంటుందిరా?"

అడగడంలో తప్పేం లేదు, ఆ మెరుపు అలాంటిది మరి. కానీ పైకి కనిపించేది కాప్టాన్ అనే తేనె రంగు ప్లాస్టిక్ పొర, దాని వెనక వైపున పూసింది అల్యూమినియం. వెలుగు ఆ పసుపు పొరలోంచి లోపలికెళ్లి, అల్యూమినియానికి తగిలి, మళ్లీ పసుపులోంచే బయటికొస్తుంది, అందుకే మన కంటికి బంగారంలా కనిపిస్తుంది. చవక చీరల్లో ప్లాస్టిక్ జరీ చేసే మాయ కూడా ఇదే.

ఈ పూత ఎంత పల్చనో తెలియాలంటే చిప్స్ ప్యాకెట్ చాలు. ఖాళీ ప్యాకెట్‌ని గుప్పిట్లో నలిపి వదలండి, చిటపటమంటూ మళ్లీ విచ్చుకుంటుంది. రొట్టెలు చుట్టే ఫాయిల్‌ని నలిపితే ఉండలా అలాగే ఉండిపోతుంది. ఫాయిల్ అచ్చంగా లోహం, ప్యాకెట్ మాత్రం ప్లాస్టికే, దాని లోపలి మెరుపు కూడా ఇలాంటి అల్యూమినియం పూతే. గాలి తీసేసిన గదిలో అల్యూమినియాన్ని మరిగించి ఆవిరి చేస్తే, అది పైనుంచి పరిగెత్తే ప్లాస్టిక్ చుట్ట మీద మంచులా పడుతుంది. మందం 40 నానోమీటర్లనుకుంటే చదరపు మీటరుకి పట్టే లోహం గ్రాములో పదో వంతు, అంతే!

రాకెట్‌లో ప్రతి గ్రాముకీ లెక్కే కాబట్టి ఈ తేలికదనం ముఖ్యం. అయితే ఎండ వేడి లోపలికి చేరకుండా వెలుగుని తిప్పికొట్టడమే దీని పనైతే అల్యూమినియాన్ని పై వైపే పూయొచ్చు కదా? చిక్కేమిటంటే, ఉత్త అల్యూమినియం ఎండని చాలావరకు తిప్పికొట్టినా, పీల్చుకున్న ఆ కాస్త వేడిని బయటికి వదలడంలో మహా పిసినారి, ఎండలో ఉండేకొద్దీ కాగిపోతుంది. ప్లాస్టిక్ పొర పైన ఉంటే ఆ వేడిని అంతరిక్షంలోకి వదిలేస్తుంది.

ఇలాంటి పొరలు ఒకటి కాదు, పది పదిహేను, ఒక్కోసారి ఇంకా ఎక్కువే ఉంటాయి. ఒకదానికొకటి అంటుకుంటే వేడి పాకుతుంది కాబట్టి మధ్యలో దోమతెర లాంటి పల్చటి నెట్ వేస్తారు. పైకి ముడతలు ముడతలుగా ఉండటం చూసి "ఇంత నాసిగా చుట్టారేంటి" అని నవ్వేవాళ్లున్నారు గానీ, బిగించి కుడితేనే పొరలు ఒత్తుకుని పని చెడుతుంది. పైకెళ్లేటప్పుడు మధ్యలో గాలి ఉబ్బకుండా చిన్న చిన్న చిల్లులు కూడా ఉంటాయి.

నిజం బంగారం కావాలంటే అంతరిక్షంలో ఉన్న జేమ్స్ వెబ్ టెలిస్కోపు అద్దాల మీద ఉంది, పరారుణ (ఇన్‌ఫ్రారెడ్) కాంతిని బాగా తిప్పికొడుతుందని పూశారు. 18 అద్దాలకీ కలిపి సుమారు 48 గ్రాములు.

పెద్దమ్మకి ఆ లెక్కా చెప్పాను. "ఐదు తులాలు కూడా లేదా? మా కోడలి హారమే ఎక్కువ తూగుతుంది" అంది.