ఊటీ కొండెక్కే ఇంజన్‌లో రెండు ఇంజన్లు

నీలగిరి కొండ రైల్లో అందరూ కిటికీలోంచి లోయలు చూస్తారు. బండిని వెనకనుంచి నెడుతున్న ఎక్స్ క్లాస్ ఆవిరి ఇంజన్‌ని పక్కనుంచి ఒకసారి గమనించండి. సిలిండర్లు ఒకదానిపై ఒకటి ఉంటాయి. కింది రాడ్లు నింపాదిగా ఒకవైపు తిరుగుతుంటే, పైవి ఎదురు దిశలో గబగబా తిరుగుతాయి. చూసేవాళ్లకి ఇంజన్ తనతో తానే కొట్లాడుతున్నట్టు ఉంటుంది. నిజానికి అవి ఒకే ఆవిరిని వంతులవారీగా వాడుకునే రెండు ఇంజన్లు.

కల్లార్ నుంచి కూనూర్ దాకా ఏటవాలు కొన్నిచోట్ల 12 మీటర్లకు 1 మీటరు. నున్నటి చక్రాలకు అక్కడ పట్టు చాలదు. అందుకే పట్టాల మధ్య 44 మిల్లీమీటర్ల ఎడంతో రెండు పళ్ల పట్టీలు వేశారు. ఒకదాని పన్ను రెండోదాని సందుకి ఎదురుగా ఉంటుంది కాబట్టి, ఇంజన్ కింది పళ్లచక్రాలు ఏ క్షణంలోనూ పూర్తిగా వదలవు. పట్టీ మొదలయ్యే చోట స్ప్రింగుల మీద ఆడే ముక్క ఉంటుంది. పన్ను పన్నులో కుదురుకునే పని దానిదే. అక్కడికి వేగంగా వస్తే పళ్లు విరుగుతాయి.

బాయిలర్ ఆవిరి ముందు కింది సిలిండర్లకు వెళ్లి మామూలు చక్రాలను తిప్పుతుంది. మైదానంలో ఆ తర్వాత పొగగొట్టం దారి పడుతుంది. పళ్ల పట్టీ మీద మాత్రం డ్రైవర్ వాల్వు మార్చి, సగం బలం తగ్గిన ఆ ఆవిరినే పై సిలిండర్లకు పంపుతాడు. అవి గేర్ల ద్వారా పళ్లచక్రాలను తిప్పుతాయి. గేరు మధ్యలో ఉంది కాబట్టే ఆ ఎదురు దిశ.

అసలు తెలివి చక్రం జారినప్పుడు బయటపడుతుంది. జారిన చక్రాలు గిర్రున తిరిగితే కింది సిలిండర్లు ఎక్కువ ఆవిరిని పైకి తోస్తాయి. అది మధ్య గొట్టంలో పోగై కింది పిస్టన్లకు ఎదురొత్తుతుంది, పళ్లచక్రాల బలం పెంచుతుంది. ఎవరూ చెయ్యి వెయ్యకుండానే జారుడు సర్దుకుంటుంది. స్విట్జర్లాండ్‌లోని వింటర్‌థుర్‌లో 1914 నుంచి 1952 దాకా దఫదఫాలుగా తయారైన ఇంజన్లివి. తర్వాత తిరుచ్చి గోల్డెన్ రాక్ వర్క్‌షాపు కొత్తవి కట్టినా ఈ అమరిక మార్చలేదు. మారింది ఇంధనం: చాలావాటిలో బొగ్గు బదులు నూనె.

వాలుతో ఇంకో చిక్కు నీటి మట్టం. బాయిలర్ 3 మీటర్ల పొడవుంటే రెండు కొసల మధ్య 25 సెంటీమీటర్ల తేడా వస్తుంది. మంట మండే ఫైర్‌బాక్స్ కప్పు మీద నీరు తగ్గితే లోహం ఎర్రబడి మెత్తబడుతుంది. అక్కడ బిగించిన సీసపు బిరడా ముందే కరిగి, ఆవిరి మంట మీదికి చిమ్ముతుంది. అదే ఆఖరి హెచ్చరిక.

దిగడం ఎక్కడం కన్నా కష్టం. గంటల తరబడి బ్రేకు దిమ్మలే నొక్కితే చక్రాల పైకట్టు వేడెక్కి వదులవుతుంది. కాబట్టి డ్రైవర్ ఆవిరి కట్టేసి, దిశ మార్చే లివర్‌ని ఎక్కే దిశకు తిప్పుతాడు. పిస్టన్లు బయటి గాలిని పీల్చి నొక్కుతూ బండిని ఆపుతాయి. పొగగొట్టం కింద ఉండే పొగపెట్టె దారి ముందుగా మూయకపోతే మసి లోపలికి పోయి సిలిండర్ గోడలు గీకుతుంది. నొక్కిన గాలి విపరీతంగా కాగుతుంది. కాబట్టి సన్నగా నీళ్లు కూడా వదలాలి, లేకపోతే లోపలి నూనె మాడిపోతుంది. దిగేటప్పుడు ఇంజన్ బుస్సుమంటూ ఆవిరి వదిలేది ఆ నీళ్ల వల్లే. అప్పుడు కూడా ప్రతి పెట్టెలో ఒక బ్రేక్స్‌మన్ చేతి బ్రేకు పట్టుకుని విజిల్ కోసం చెవి ఒగ్గి ఉంటాడు.